సుల్లా వేసిన దారి

సభాధ్యక్షులకు, చరిత్ర మీద ఆసక్తితో విచ్చేసిన మిత్రులకు నమస్కారం.

రోమన్ గణతంత్రం ఎప్పుడు కూలిందని అడిగితే చాలామంది క్రీ.పూ. 49లో జూలియస్ సీజర్ సైన్యంతో రూబికాన్ నది దాటి ఇటలీలోకి వచ్చిన ఘటనను చెబుతారు. నా దృష్టిలో అసలు గండి అంతకు దాదాపు నలభై ఏళ్ల ముందే పడింది. క్రీ.పూ. 88లో, గణతంత్రంలో అత్యున్నత పదవి అయిన కాన్సుల్ పదవిలో ఉన్న సుల్లా, రోమన్ సైన్యాన్ని వెంటబెట్టుకుని రోమ్ నగరం మీదికే దండెత్తాడు.

రక్తపాతం అప్పటికి రోమ్‌కు కొత్త కాదు. భూసంస్కరణ చట్టం తెచ్చిన ట్రిబ్యూన్, అంటే సామాన్యుల పక్షాన ఎన్నికైన ప్రతినిధి, టైబీరియస్ గ్రాకస్‌ను క్రీ.పూ. 133లో సెనేట్ అనే పెద్దల సభ సభ్యులూ వారి అనుచరులూ బల్లల కోళ్లు విరిచి మరీ కొట్టి చంపారు. అయితే ఆ హింసలో సైన్యానికి పాత్ర లేదు.

సైన్యం స్వభావం తర్వాతి తరంలో మారింది. పూర్వం ఎంతోకొంత ఆస్తి ఉన్న రైతే సైనికుడు. యుద్ధం ముగిస్తే తన పొలానికి తిరిగి వెళ్లేవాడు. క్రీ.పూ. 107లో సేనాని, కాన్సుల్ అయిన మారియుస్ ఆస్తిలేని నిరుపేదలను కూడా చేర్చుకున్నాడు. ఆ ఒక్క నిర్ణయమే అంతా తారుమారు చేసిందనడం అతిశయోక్తి, ఎందుకంటే ఆస్తి అర్హతను అంతకు ముందే తగ్గిస్తూ వచ్చారు. కానీ కొలువు ముగిసిన పేద సైనికుడికి భూమి ఇచ్చే స్థిరమైన ఏర్పాటేదీ రాజ్యం చేయలేదు కనుక, అతడు సెనేట్ వైపు కాక తన సేనాని వైపే చూడసాగాడు.

ఈ పరిస్థితిలో, నల్లసముద్ర తీరంలోని పాంటస్ రాజ్యపు రాజు మిత్రిడేటిస్ మీద యుద్ధానికి సుల్లా సేనానిగా నియమితుడయ్యాడు. ట్రిబ్యూన్ సుల్పీషియస్ ప్రజాసభలో చట్టం చేయించి ఆ బాధ్యతను వృద్ధుడైన మారియుస్‌కు బదిలీ చేశాడు. దక్షిణ ఇటలీలోని నోలా దగ్గర శిబిరంలో ఉన్న సుల్లా సైనికులు, తూర్పుదేశాల కొల్లసొమ్ము చేజారిపోతుందన్న భయంతో, మారియుస్ పంపిన అధికారులను రాళ్లతో కొట్టి చంపారు. రోమ్ మీదికి నడవడానికి పై అధికారుల్లో ఒక్కడు తప్ప ఎవరూ ఒప్పుకోలేదు; సైనికులు మాత్రం కదిలారు. ఈ తేడాలోనే తర్వాతి కథంతా ఉంది.

అలా రోమ్‌ను పట్టుకున్న సుల్లా తూర్పుకు వెళ్లగానే మారియుస్, అతని పక్షం చేరిన కాన్సుల్ సిన్నా నగరాన్ని పట్టుకుని తమ శత్రువులను వధించారు. క్రీ.పూ. 83లో తిరిగివచ్చిన సుల్లా, మరుసటి ఏడాది నవంబరులో కొల్లైన్ ద్వారం దగ్గర గెలిచి, గడువులేని నియంత అయ్యాడు. అటుపై వధ్యుల జాబితాలు వెలిశాయి. పేరెక్కిన వాడిని ఎవరైనా చంపవచ్చు, చంపినందుకు బహుమానం ఉంటుంది, ఆస్తి వేలానికి పోతుంది, కొడుకులకూ మనుమలకూ పదవులు నిషిద్ధం. పగ తీర్చుకోవడంగా మొదలైనది త్వరలోనే ఆస్తుల వేటగా మారింది. జాబితా మూసివేసిన తర్వాత హత్యకు గురైన రోషియస్ అనే సంపన్నుడి పేరును అందులో దొంగతనంగా చేర్చి, అరవై లక్షల సెస్టర్సుల (రోమన్ నాణేల) విలువైన అతని ఆస్తిని సుల్లా ఆంతరంగికుడు క్రైసోగనస్ కేవలం 2,000కు కొన్నాడు. అంతటితో ఆగక, హత్య చేసింది కన్న కొడుకేనని కేసు పెట్టించారు. క్రీ.పూ. 80లో ఆ కొడుకు పక్షాన వాదించి గెలిపించినవాడు తర్వాత గొప్ప వక్తగా పేరుపొందిన ఇరవై ఆరేళ్ల సిసిరో. సుల్లాను తప్పుపట్టకుండా, నేరమంతా అతడి మనిషిదే అన్నట్టు నడిపిన ఆ వాదనలో ధైర్యం ఎంత ఉందో, జాగ్రత్తా అంతే ఉంది.

విచిత్రమేమిటంటే, సుల్లా తనను గణతంత్ర సంరక్షకుడిగానే భావించుకున్నాడు. సెనేట్‌ను విస్తరించాడు, ట్రిబ్యూన్ల అధికారాలను కత్తిరించాడు, ఆపైన నియంత పదవిని స్వయంగా వదులుకుని క్రీ.పూ. 78లో మరణించాడు. ఆయన మనుషులే అయిన పాంపే, క్రాసస్ క్రీ.పూ. 70లో ట్రిబ్యూన్లకు పాత అధికారాలను తిరిగి ఇచ్చేశారు. చట్టాలను రద్దు చేయగలిగారు గానీ, సైన్యంతో రోమ్‌ను పట్టుకోవచ్చని ఆయన చూపిన ఉదాహరణను రద్దు చేయడం ఎవరి తరమూ కాలేదు. క్రీ.పూ. 49లో సీజర్ దండయాత్రకు ఇటలీ వదిలిపోతున్న రోజుల్లో పాంపే, ‘సుల్లా చేయగలిగాడు, నేను చేయలేనా?’ అనే మాటను పదేపదే అంటున్నాడని సిసిరో తన మిత్రుడు అట్టికస్‌కు రాసిన ఉత్తరంలో ఉంది.

సీజర్ ఆ జాబితాల జోలికి పోలేదు. ఓడినవారిని క్షమించాడు, సుల్లా బాధితుల కొడుకులకు పదవీ హక్కులను తిరిగి ఇప్పించాడు. అలా క్షమాభిక్ష పొందినవారిలో బ్రూటస్, కాసియస్‌లే క్రీ.పూ. 44లో ఆయనను హత్య చేశారు. మరుసటి ఏడాది ఆంటొనీ, ఆక్టేవియన్, లెపిడస్ ఏకమై, సీజర్ చూపిన క్షమకు దక్కిన ఫలితాన్నే కారణంగా ప్రకటిస్తూ, వధ్యుల జాబితాను మళ్లీ అతికించారు. డిసెంబరు 7న ఆ జాబితా ప్రకారమే సిసిరోను చంపారు.