గోనెసంచిలో వచ్చిన మనిషి

సభకు నమస్కారం. పెద్దల పేర్లు చదవమని చీటీ చేతిలో పెట్టారు గానీ, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. అందరికీ కలిపి ఒకటే దండం.

డిటెక్టివ్ నవలల గురించి చెప్పమన్నారు. కాథీ రైక్స్ అని ఒక అమెరికావిడ ఉంది. పని ఎముకలు చదవడం. కాలిపోయి, కుళ్ళిపోయి, పోస్టుమార్టానికి కండ మిగలని శవాలు ఆవిడ బల్ల మీదకి వచ్చేవి. నార్త్ కరోలినాలో పాఠాలు, కెనడాలో మాంట్రియల్ ల్యాబులో కేసులు. అక్కడ ఇంగ్లీషు, ఇక్కడ ఫ్రెంచి. రెండు భాషల మధ్య బతకడం ఎలా ఉంటుందో, ఒడిశా సరిహద్దులో ఉన్న మన పర్లాకిమిడి వాళ్ళకి నేను చెప్పాలా! గ్వాటెమాలాలో సామూహిక సమాధులు తవ్వింది. రువాండా మారణకాండ విచారణలో సాక్ష్యం చెప్పింది. యాభైకి దగ్గరపడ్డాక, 1997లో మొదటి నవల వేసింది. అందులో నాయిక కూడా ఎముకల డాక్టరే. తర్వాత ఆ నాయికతో టీవీ సీరియల్ పన్నెండు సీజన్లు నడిచింది.

ఆవిడ సంగతి ఇంతే చెప్తాను. నాదొకటి ఉంది, వినండి.

అనాటమీ పాఠాలు చెప్పుకునే నా దగ్గరికి అప్పుడప్పుడూ పోలీసులు సంచులు తెచ్చేవారు. ఒకసారి కొండ దిగువన 'మనిషి చెయ్యి' దొరికిందని హడావిడి. చూస్తే ఎలుగుబంటి పంజా! నవ్వకండి, తోలూ గోళ్ళూ ఊడితే అచ్చం మన చెయ్యిలాగే ఉంటుంది, కొత్త డాక్టర్లు కూడా పొరబడతారు.

ఇంకోసారి గోనెసంచి. పక్కన చేతి గాజుల ముక్కలు దొరికాయి కనక పంచనామాలో ఆడమనిషి అని రాసేశారు. నేను తుంటి ఎముక చూశాను. ఆడవాళ్ళకి ముందు కోణం వెడల్పు, మగవాళ్ళకి ఇరుకు. ఇది ఇరుకు. మగవాడు. మెడకింద కాలరు ఎముక లోపలి కొస ఇంకా అతుక్కోలేదు, అంటే కుర్రాడు, ఇరవై దాటితే దాటి ఉంటాడు. తొడ ఎముక కొలిస్తే అయిదున్నర అడుగుల లోపు. ఇంగ్లీషులో రిపోర్టు రాసిచ్చాను.

అది ఫైల్లోకి వెళ్ళింది. అంతే.

ఏరు దాటితే ఆంధ్రలో పాతపట్నం. అక్కడ కొడుకు కోసం ఎవరైనా తెలుగులో ఫిర్యాదు ఇచ్చి ఉంటే, ఇక్కడ ఒరియాలో 'గుర్తు తెలియని స్త్రీ' అని రాసిన కాగితం ఆ కుర్రాణ్ణి ఎలా కలుపుతుందండీ? 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు మధ్యలో గీత గీశారు, బాగానే ఉంది. ఎముకకి ఆ గీత తెలుస్తుందా? ఈ ఊళ్ళోనే గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడారు, సవరల భాష నేర్చుకున్నారు. నా రిపోర్టు చూస్తే ఆయన చేతికర్ర ఎత్తేవారు. ఏ తల్లి చదవగలదు దాన్ని?

అందుకే ఇప్పుడు డెబ్భై దాటాక నవల మొదలుపెట్టాను. మూడు అధ్యాయాలయ్యాయి. హంతకుడెవరో నాకే తెలీదు, తెలియక్కర్లేదు కూడా. కుర్రాడి పేరు దగ్గర ఆగిపోయాను. ఏదో ఒక పేరు పెట్టెయ్యమంటుంది మా ఆవిడ. చెయ్యి రావడంలేదు.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, ఒక్క నిమిషం. ఆ సంచిలో ఎడమ ముంజేతి ఎముక ఒకటుంది. చిన్నప్పుడు విరిగింది. ఊళ్ళోనే ఎవరో నాటు కట్టు కట్టి ఉంటారు, కాస్త వంకరగా అతుక్కుంది. చెట్టు మీంచో గట్టు మీంచో పడి ఎడమ చెయ్యి విరిగిన పిల్లాడు, పాతికేళ్ళ కిందట ఇంట్లోంచి వెళ్ళి తిరిగి రానివాడు, మీ వీధిలో గానీ, ఏటి అవతల మీ చుట్టాల్లో గానీ ఉంటే, సభ అయ్యాక వెళ్ళిపోకండి. ఆ మెట్ల దగ్గర కూర్చుంటాను.