12,000 బిల్లుని 6,000 చేద్దాం: పాత యాక్టివా రిపేర్ ఖర్చు రివ్యూ

నమస్తే అండి. ఈరోజు కొత్త బండి రివ్యూ కాదు, పాత బండి బిల్లు రివ్యూ. స్క్రీన్ మీద ఉన్నది ఒక వ్యూయర్ పంపిన ఎస్టిమేట్ కాగితం. యాక్టివా 3జీ, 2016 మోడల్, 42,000 కిలోమీటర్లు తిరిగింది. పికప్ లేదు, కదిలేటప్పుడు వణుకుతోంది, మైలేజ్ పడిపోయింది అని షెడ్డుకి తీసుకెళ్తే, మెకానిక్ అన్నీ కలిపి 12,000 రాసిచ్చాడు. ఆ వ్యూయర్ నన్ను అడిగింది ఒకటే. "అన్నా, అమ్మితే పాతిక వేలు కూడా రాని బండి ఇది. దీని మీద పన్నెండు వేలు పెట్టడం తెలివైన పనేనా?"

పెట్టొచ్చు. కాకపోతే పన్నెండు కాదు, ఆరు.

కాగితం ఒకసారి చదువుతాను. బెల్టు 550, రోలర్ల సెట్టు 300, క్లచ్ షూ 1,150, కార్బురేటర్ క్లీనింగ్ 300, ఇంజిన్ ఆయిల్ 400, ఎయిర్ ఫిల్టర్ 250, ముందు వెనక బ్రేక్ షూలు 500, వెనక టైరు 1,450, బ్యాటరీ 1,250, ఎల్ఈడీ బల్బు 450, బోరు కిట్టు, అంటే ఇంజిన్ సిలిండర్, పిస్టన్ సెట్టు 3,500, లేబర్ 1,900. ఊరిని బట్టి, కంపెనీని బట్టి ఈ రేట్లు వంద, రెండొందలు అటూ ఇటూ అవుతాయి. ఏ రేటూ మరీ అన్యాయంగా ఏం లేదు. నా అభ్యంతరం రేట్ల మీద కాదు, అన్నీ ఒకేసారి రాసేయడం మీద.

ముందు బోరు సంగతి. ఈ కాగితంలో అన్నిటికన్నా పెద్ద అంకె అదే. పికప్ లేదు అనగానే చాలా షెడ్లలో మొదట వచ్చే మాట "బోరు పోయింది". అలా అన్నప్పుడు మీరు రోడ్డు మీద ఒక చిన్న పరీక్ష చేయండి. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ సౌండ్ బాగా పెరుగుతోంది, బండి మాత్రం ముందుకి పోవడం లేదు, అంటే లోపం బెల్టు, క్లచ్ వైపు ఉంది. అసలు ఇంజిన్ సౌండే పెరగకుండా ముక్కుతోంది, దగ్గుతోంది అంటే పెట్రోల్, గాలి, ప్లగ్ వైపు చూడాలి. బోరు అనడానికి ఇంకో సాక్ష్యం కావాలి. సైలెన్సర్ నుంచి నీలం పొగ రావాలి, లేదా సర్వీసింగ్‌కి, సర్వీసింగ్‌కి మధ్యలో ఇంజిన్ ఆయిల్ తగ్గిపోతూ ఉండాలి. మన వ్యూయర్‌ని అడిగాను. పొగ లేదు, ఆయిల్ లెవెల్ కూడా సరిగ్గానే ఉందట. అలాంటప్పుడు కనీసం కంప్రెషన్ గేజ్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటరు, పెట్టి చూపించమని అడగాలి. చూపించకుండా ఇంజిన్ విప్పుతానంటే ఒప్పుకోవద్దు. 3,500 కొట్టేశాను. దాని లేబర్ ఒక 900 ఉంటుంది, అదీ పోయింది.

ఇప్పుడు అసలు రోగం దగ్గరికి వద్దాం. ఈ వీడియోలో ఎక్కువసేపు ఇక్కడే ఉంటాం.

గేర్లు లేని బండి కదా, గేర్‌బాక్స్ ఖర్చు ఉండదులే అనుకుంటాం. ఎడమ వైపు కిక్ రాడ్ ఉన్న పొడుగాటి కవర్ చూడండి, కథంతా దాని లోపలే. ముందు ఒక పుల్లీ, వెనక ఒక పుల్లీ, మధ్యలో రబ్బరు బెల్టు. ముందు పుల్లీలో ఆరు రోలర్లు ఉంటాయి. ఇంజిన్ స్పీడు పెరిగేకొద్దీ ఆ రోలర్లు బయటికి జరిగి పుల్లీని నొక్కుతాయి, బెల్టు అంచు వైపుకి ఎక్కుతుంది, బండి వేగం అందుకుంటుంది. రోలర్లు గుండ్రంగా ఉన్నంతకాలం ఇదంతా మీకు తెలియకుండానే జరిగిపోతుంది. ఒక పక్క అరిగి చదునయ్యాయంటే జారడం మానేసి పట్టిపట్టి కదులుతాయి. బెల్టు అరిగి వెడల్పు తగ్గితే పుల్లీ అంచు దాకా ఎక్కలేదు, టాప్ స్పీడు తగ్గుతుంది. మెల్లమెల్లగా తగ్గుతుంది కాబట్టి రోజూ నడిపేవాళ్లకి తెలియదు. ఎప్పుడో ఒకసారి నడిపే తమ్ముడో, బావమరిదో చెప్తేగానీ అర్థం కాదు.

ఈ బెల్టుని 24,000 కిలోమీటర్ల దగ్గర మార్చాలి. ఈ బండి 42,000 తిరిగింది, ఒక్కసారి కూడా మార్చినట్టు గుర్తు లేదంటున్నారు. బెల్టు తెగితే ఏమవుతుందో తెలుసా? ఇంజిన్ ఆడుతూనే ఉంటుంది, వెనక చక్రానికి మాత్రం శక్తి అందదు. పెట్రోల్ అయిపోతే బంకు దాకా తోసుకెళ్తాం, ఇది తెగితే షెడ్డు దాకా తోయాలి, అది కూడా రాత్రి షెడ్డు తెరిచి ఉంటేనే. కాబట్టి బెల్టు 550, రోలర్లు 300 ఉండాల్సిందే. రోలర్లతో పాటు స్లైడర్ ముక్కలు కూడా వేయించండి. చిన్న ప్లాస్టిక్ ముక్కలే, ఖర్చు తక్కువ.

ఒకసారి ఆ కవర్ విప్పారంటే, బెల్టుకైనా రోలర్లకైనా క్లచ్‌కైనా విప్పే కూలి దాదాపు ఒకటే. ఈ నెల బెల్టు, వచ్చే నెల రోలర్లు అని విడివిడిగా చేయిస్తే అదే కవర్‌కి రెండుసార్లు కూలి ఇస్తారు. వెనక చక్రం పని కూడా అంతే. ఈ బండికి వెనక బ్రేక్ షూలు చూడాలంటే సైలెన్సర్ విప్పి, చక్రం బయటికి తీయాలి. టైరు మార్చే రోజే బ్రేక్ షూలు వేయిస్తే ఆ లేబర్ ఒక్కసారితో పోతుంది. పాత బండి మీద డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇలాగే.

క్లచ్ షూ 1,150 పక్కన మాత్రం నేను ప్రశ్న గుర్తు పెట్టాను. కదిలేటప్పుడు వణుకు వస్తోందంటే షూలు పోయాయని కాదు. లోపల చేరిన దుమ్ము, మెరుగెక్కిన క్లచ్ బెల్ (షూలు పట్టుకునే గిన్నె) కూడా అలాగే వణికిస్తాయి. కవర్ ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి శుభ్రం చేసి, ఎమరీ పేపర్‌తో రుద్ది బిగించమనండి. షూ మీద లైనింగ్ మందం మీరే కళ్లతో చూడండి. లైనింగ్ పలచబడితే మార్చండి, లేకపోతే ఆ డబ్బు మిగులుతుంది. నా లెక్కలో దీన్ని ఉంచే కూడుతున్నాను, మిగిలితే మీ అదృష్టం.

కార్బురేటర్ క్లీనింగ్ 300, చేయించండి. 3జీ వరకే కాదు, 5జీ దాకా యాక్టివా కార్బురేటర్ బండే. 2020లో 6జీతో ఇంజెక్షన్ వచ్చింది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 2016 బండి దాని కోసం తయారైనది కాదు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు భాగాల్ని పాడుచేస్తుంది. అందుకే క్లీనింగ్‌తో పాటు పెట్రోల్ పైపు, కార్బురేటర్ వాషర్లు కూడా చూడమనండి. ట్యాంకులో సగం పెట్రోల్ పోసి నెలల తరబడి బండిని మూల పెట్టొద్దు. మైలేజ్ పడిపోవడంలో కొంత వాటా ఈ పెట్రోల్‌ది కూడా, దానికి ఏ మెకానిక్ దగ్గరా మందు లేదు.

ఎయిర్ ఫిల్టర్ 250 సరే. ఇందులో వచ్చేది జిగురు రాసిన పేపర్ ఫిల్టర్. కొందరు గాలి కొట్టి మళ్లీ అదే పెట్టేస్తారు. దీనికి గాలి కొట్టకూడదు, మార్చాల్సిందే. ఆయిల్ 400 ఓకే, 10డబ్ల్యూ 30 గ్రేడ్, డబ్బా మీద ఎంబీ అని ఉండాలి. కాగితంలో లేనిది ఒకటి నేను కలుపుతున్నాను. వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ వేరేగా ఉంటుంది, 120 మిల్లీలీటర్ల చిన్న డబ్బా వస్తుంది, వంద రూపాయల లోపే. ఇంజిన్ ఆయిల్ మారిస్తే ఇది కూడా మారిపోయినట్టే అనుకునేవాళ్లు చాలామంది.

టైరుకి, బ్రేకులకి బేరం ఆడొద్దు. ఈ బండికి రెండు చక్రాలూ 10 అంగుళాలవే, రెండు వైపులా 130 ఎంఎం డ్రమ్ బ్రేకులే, డిస్కు లేదు. ఆపాల్సిందంతా ఆ షూలే. టైరు కొనేటప్పుడు పక్క గోడ మీద నాలుగు అంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. షాపులో మూడేళ్లు నిలవ ఉన్న టైరుని కొత్త టైరు రేటుకి తీసుకోకండి. టైరుతో పాటు వాల్వు కూడా కొత్తది వేయించండి.

ముందు చక్రం దగ్గర ఇంకోటి చూడమని చెప్పాను. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం నేలకి తగలకుండా పైకి లేపి, హ్యాండిల్ అటూ ఇటూ మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో ఆగినట్టు, గుంటలో పడినట్టు అనిపిస్తే కోన్ సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయింది. అప్పుడు ఇంకో వెయ్యి దాకా కలుస్తుంది. అది మాత్రం వాయిదా వేసే ఖర్చు కాదు.

బ్యాటరీ 1,250 కొట్టేశాను. సెల్ఫ్ నీరసంగా ఉంది, కిక్ బాగానే పనిచేస్తోంది అంటున్నారు. వచ్చే నెల వేయించుకోవచ్చు. కొనేటప్పుడు 12 వోల్టులు, 3 ఆంపియర్ అవర్లది (ఏహెచ్) అడగండి. పాత బ్యాటరీ ఊరికే ఇచ్చేయకండి, లోపల సీసం ఉంటుంది, దానికి రేటు తగ్గిస్తారు. వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ వేయించుకోండి.

ఇక అప్‌గ్రేడ్లు. ఎల్ఈడీ బల్బు 450 కొట్టేశాను. ఈ హెడ్‌లైట్ గిన్నె 35 వాట్ల ఫిలమెంట్ బల్బు కోసం చేసింది. అందులో చవక ఎల్ఈడీ పెడితే వెలుగు రోడ్డు మీద పడకుండా ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది, వానలో అయితే మీకే ఏమీ కనిపించదు. మంచి కంపెనీ మామూలు బల్బు వేసి, మసకబారిన గ్లాసు తుడిపిస్తే చాలు. సౌండ్ సైలెన్సర్ జోలికి వెళ్లొద్దు. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు. పట్టుకున్న సైలెన్సర్లని పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరు చూసే ఉంటారు. పాత డ్రమ్ బండికి ముందు డిస్క్ బిగిస్తామనే వాళ్లూ ఉన్నారు, దాని గురించి మాట్లాడటం కూడా దండగ.

నిజంగా అప్‌గ్రేడ్ కావాలా? వెనక షాక్ అబ్జార్బర్ మార్చండి. ఇద్దరు ఎక్కితే స్పీడ్ బ్రేకర్ దగ్గర దడేల్‌మనే బండి, కొత్త షాక్‌తో వేరే బండిలా ఉంటుంది. సీటు కుంగిపోతే కొత్తది కొనకుండా సీటు కుట్టేవాళ్ల దగ్గర ఫోమ్ మార్పించండి. రెండు అద్దాలూ ఉండాలి, ఒకటి కాదు. వీటికి పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. రాకపోయినా పర్వాలేదు, రోజూ కూర్చునేది మీరే కదా.

కొట్టేసినవన్నీ కూడితే బోరు 3,500, దాని లేబర్ 900, బ్యాటరీ 1,250, బల్బు 450. మొత్తం 6,100 తగ్గింది, మిగిలింది 5,900. గేర్ ఆయిల్ కలిపితే దాదాపు 6,000. కొత్త యాక్టివా ఎక్స్ షోరూమే 75,000 దగ్గర మొదలవుతుంది, ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిసి రోడ్డెక్కేసరికి 90,000 దాటుతుంది. ఇంజిన్ పొగ రాని బండిని 6,000 కోసం వదిలేయడం నాకైతే నచ్చదు.

డబ్బులిచ్చే చోట రెండు మూడు మాటలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి స్పేర్లు, బ్యాటరీలు, టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ప్యాకెట్ మీద పాత ఎమ్మార్పీ ఉంటే అడగండి. స్పేర్లు మీరే హైదరాబాద్ పుత్లీబౌలిలోనో, మీ ఊరి స్పేర్ల షాపులోనో కొని తీసుకెళ్తే కొంచెం మిగులుతుంది, కానీ మెకానిక్ మొహం మాడుతుంది. ఆయనకి సామాను మీద వచ్చే నాలుగు డబ్బులు పోయాయి కదా మరి. అలాంటప్పుడు లేబర్ వంద, రెండొందలు ఎక్కువ అడిగితే ఇచ్చేయండి. పని మీ కళ్ల ముందు జరగాలి, పాత సామాను మీ చేతికి రావాలి. అరిగిన బెల్టు పక్కన కొత్త బెల్టు పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

బండి పడిపోయి ప్లాస్టిక్ పగిలినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేద్దామా అని చాలామంది అడుగుతారు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగమే ఇస్తారు. పైగా నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఒక ప్యానెల్ కోసం అయితే వద్దు. థర్డ్ పార్టీ మాత్రం తప్పనిసరి. ఈ సైజు ఇంజిన్‌కి ఏడాదికి 714 రూపాయలు, జీఎస్టీ అదనం. అది లేకుండా దొరికితే మొదటిసారే 2,000 ఫైన్.

ఏ బండికి పెట్టొద్దు అంటారా? కాళ్లు పెట్టుకునే చోట అడుగున వంగి చూడండి. పైపైన తుప్పు అయితే పర్వాలేదు. ఛాసిస్ వెల్డింగ్ దగ్గర పొరలు పొరలుగా ఊడుతుంటే అక్కడితో ఆపేయండి, బెల్టు కూడా వేయించొద్దు. ఆర్సీ తేదీ కూడా చూసుకోండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది. ఈ 2016 బండికి 2031 దాకా ఢోకా లేదు. 2011, 2012 బండ్లున్నవాళ్లు రిపేర్‌కి ముందే లెక్కలోకి తీసుకోండి. టూ వీలర్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 300 నుంచి 1,000కి పెరిగింది, గ్రీన్ ట్యాక్స్ వేరే, ఆలస్యమైతే నెలకి 300 చొప్పున పడుతుంది. రెన్యువల్‌కి బండిని ఆర్టీవో ఆఫీసుకి తీసుకెళ్లి చూపించాలి కాబట్టి బ్రేకులు, లైట్లు, హారన్ పని ఆ తేదీకి ముందు పెట్టుకుంటే ఒకే ఖర్చుతో రెండు పనులూ అయిపోతాయి. ఉంటానండి.