ఒక్క మాట సరిచేస్తే

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో నరసాపురం నుంచి, ఆచంట నుంచి పాలకొల్లు లైబ్రరీ దాకా వచ్చారు. చాలా సంతోషం.

వికీపీడియాలో రాయడమంటే మన ఊరి గుడి గురించో, కాటన్ దొర ఆనకట్ట గురించో రాయడమని అనుకుంటాం. అవీ రాయాలి. అయితే మా మేనల్లుడు ఓ రోజు ఫోన్‌లో బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ పాట 'బొహీమియన్ రాప్సొడీ' వింటూ, "మావయ్యా, ఇంతమంది ఎవరు పాడుతున్నారు?" అని అడిగాడు. వాడు తెలుగులో చదువుకునేలా ఒక పేజీ ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. అందుకే మనం రాసుకున్న చిత్తుప్రతిని ఈ పూట బాగుచేద్దాం.

ముందు నా తప్పు. "ఈ పాటను 180 ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు" అని రాశాను. ట్రాకు అంటే టేపు మీద ఒక్కో గొంతునో వాద్యాన్నో విడిగా నింపుకునే వరుస. 1975లో వాళ్లు వాడింది 24 ట్రాకుల టేపు. పాట మధ్యలో ఆపెరా, అంటే పాశ్చాత్య సంగీత నాటకం, తీరులో సాగే భాగంలో వినిపించే గుంపంతా ముగ్గురే: గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ, గిటారిస్టు బ్రయన్ మే, డ్రమ్మర్ రోజర్ టేలర్. పాడినదాని మీదే మళ్లీ పాడేవారు. ట్రాకులు నిండితే కొన్నిటిని కలిపి ఒకదాంట్లోకి దించి, ఖాళీ అయినచోట మళ్లీ మొదలు. అలా పేర్చిన పొరలు 180 దాకా ఉంటాయంటారు. మన ధనుర్మాసం భజనలో ముగ్గురే మిగిలారనుకోండి. ఆ ముగ్గురే ఊరంత గొంతు వినిపించాలంటే ఎన్నిసార్లు పాడాలి? టేపు తిరిగి తిరిగి పూత అరిగిపోయి, వెలుతురుకు పెడితే అవతలి వైపు కనిపించిందని బ్రయన్ మే చెప్పాడు. 'పొరలు' అనాల్సిన చోట 'ట్రాకుల టేపు' అన్నందుకు వాళ్లు పడ్డ కష్టమంతా నా వాక్యంలోంచి ఎగిరిపోయింది. అది నాకు చాలా బాధ కలిగించింది.

తర్వాత, మెర్క్యురీని ఎవరో 'భారతీయ గాయకుడు' అని రాశారు. ప్రేమకొద్దీ రాశారు, అర్థమైంది. ఆయన తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్‌ దీవిలో గుజరాతీ పార్సీ కుటుంబంలో పుట్టాడు, మహారాష్ట్రలోని పంచగనిలో చదివాడు, బ్రిటన్‌లో స్థిరపడ్డాడు. ఈ మూడూ రాయండి, మన అభిమానం వాటిలోనే తెలుస్తుంది.

"పాట తొమ్మిది వారాల కోసం చార్టుల పైన కూర్చుంది." ఇది యంత్రం చేసిన అనువాదం. చార్టు అంటే ఎక్కువగా అమ్ముడైన పాటల వారపు జాబితా. ఇలా మనింట్లో ఎవరైనా మాట్లాడతారా? "బ్రిటన్‌లో వరుసగా 9 వారాలు మొదటి స్థానంలో ఉంది" అంటే చాలు. 1991 నవంబరులో మెర్క్యురీ చనిపోయాక మళ్లీ విడుదలై మళ్లీ మొదటి స్థానానికి వచ్చింది. ఆ వాక్యం మనం రాయనే లేదు, చేర్చాలి.

పాట సాహిత్యం మొత్తం ఎక్కించకండి, తెలుగులోకి మార్చి కూడా వద్దు. దానికి కాపీరైటు ఉంది. ఇక పాటకు అర్థం ఏమిటంటారా, మెర్క్యురీ విడమరిచి చెప్పలేదు. మనకు తోచింది రాయకూడదు. పేరున్న విమర్శకుడు అన్నమాటైతే ఆయన పేరుతో, మూలంతో రాయండి.

ఆ 180 వాక్యాన్ని ఇప్పుడు తెరమీద పెడుతున్నాను. కిటికీ పక్కన కూర్చున్న అమ్మా, నువ్వు రా. 'సవరించు' నొక్కు. మూలం ఇదిగో, ఈ పుస్తకంలో పేజీ తెరిచి ఉంచాను. ముందు చదువు, తర్వాత రాయి.