మూత విప్పితే అయిదు స్విచ్చులు

సుధ: వాసు అన్నా, రికార్డింగ్‌కి స్క్రూడ్రైవర్ తెచ్చావేంటి?

వాసు: ఇది విప్పుదామని. అటారి అనే వీడియో గేమ్ కంపెనీ జాయ్‌స్టిక్, పేరు సీఎక్స్40. 1978 నాటి మోడల్. ఇదిగో, మూత తీశా.

సుధ: అయ్యో, లోపల ఏమీ లేదే!

వాసు: అదే కదా అందం! చిన్న బోర్డు, దాని మీద అయిదు రేకు బిళ్లలు. పైకి, కిందకి, ఎడమ, కుడి, ఫైర్. పుల్ల ఎటు వంచితే అటు బిళ్ల నొక్కుకుంటుంది. మూలకి వంచితే రెండు ఒకేసారి. చిప్పు గిప్పు ఏం లేదు.

సుధ: అంటే అయిదు కాలింగ్ బెల్లులు.

వాసు: కరెక్ట్. ఇంత అమాయకమైన వస్తువు కాబట్టే అందరికీ పనికొచ్చింది. ఇదే 9 పిన్నుల ప్లగ్గు 1979లో అటారి 400, 800 కంప్యూటర్లకి పెట్టారు. తర్వాత కొమడోర్ కంపెనీ కంప్యూటర్లు విక్-20, 1982లో కొమడోర్ 64, ఇంకా తర్వాత అమిగా. కొమడోర్, అటారి బద్ధ శత్రువులు, ప్లగ్గు మాత్రం ఒకటే!

సుధ: కొమడోర్ 64లో ఏదో తమాషా ఉందన్నావు?

వాసు: రెండు పోర్టులు ఇచ్చారు. ఒకటో పోర్టు తీగలు, కీబోర్డు తీగలు కలిసే ఉంటాయి. ఆ పోర్టులో జాయ్‌స్టిక్ పెట్టి ఫైర్ నొక్కావనుకో, స్పేస్ బార్ నొక్కారనుకుంటుంది కంప్యూటర్. పైకి తోస్తే స్క్రీన్ మీద 1 పడుతుంది, కుడికి తోస్తే 2.

సుధ: ఆట ఆడుతుంటే టైపింగ్!

వాసు: అందుకే ఒక్కరే ఆడే ఆటలు చాలావరకు రెండో పోర్టుకి రాశారు. కొన్ని మాత్రం ఒకటో పోర్టే అడిగేవి. పీకు, గుచ్చు, మళ్లీ పీకు.

సుధ: యాపిల్, ఐబీఎం వాళ్లో?

వాసు: వాళ్లది ఫ్యాన్ రెగ్యులేటర్ పద్ధతి. పుల్ల ఎంత వంచావో కూడా తెలుస్తుంది. అది వేరే గోల, ఇంకోసారి. నా కోపమంతా సింక్లెయిర్ కంపెనీ కంప్యూటర్ స్పెక్ట్రమ్ మీద. 1982లో బ్రిటన్‌లో వచ్చింది, జాయ్‌స్టిక్ పోర్టే లేదు! కెంప్‌స్టన్ అని, సింక్లెయిర్ అని, వెనక తగిలించే డబ్బా విడిగా కొనాలి. ఏది ఉందో ప్రతి ఆటకీ ముందు చెప్పుకోవాలి. 1986లో స్పెక్ట్రమ్ కొత్త మోడల్ ప్లస్2కి పోర్టులిచ్చారు, అవే 9 పిన్నులు, కానీ వైరింగ్ మార్చేశారు. అటారి రకం గుచ్చితే పనిచేయదు. ఎవరికి లాభం, చెప్పు?

సుధ: సొంత జాయ్‌స్టిక్ అమ్ముకునేవాడికి!

వాసు: 1984లో ఓషన్ అనే ఆటల కంపెనీ వాళ్ల డెకాథ్లాన్ ఆట ఇంకో ఎత్తు. పరిగెత్తాలంటే పుల్లని ఎడమకీ కుడికీ ఊపుతూనే ఉండాలి. ఎన్ని జాయ్‌స్టిక్‌లు విరిగాయో! ఆ బాదుడుకి రేకు బిళ్లలు ఎక్కడ ఆగుతాయి? కాంపిటీషన్ ప్రో లాంటి జాయ్‌స్టిక్‌లలో మైక్రోస్విచ్‌లని, గట్టి చిన్న స్విచ్చులు పెట్టారు. టిక్ టిక్‌మని ఇల్లంతా వినబడుతుంది.

సుధ: ఇటివ్వు, నేనూ ఆడి చూస్తా... అన్నా, పైకి వెళ్లట్లేదు.

వాసు: బిళ్ల కింద మురికి పట్టి ఉంటుంది. ఇయర్‌బడ్ ఉందా?