ఆరు గంటలు మంట పెట్టినా మాంసం ఎందుకు వేడెక్కదు? టెక్సస్ బ్రిస్కెట్ కథ

(దృశ్యం: ఆస్టిన్ శివార్లలో ఒక ఇంటి పెరడు. నల్లటి ఇనప స్మోకర్, గొట్టంలోంచి పల్చటి పొగ.)

పోయినేడాది ఒక శనివారం సాయంత్రం ఆరింటికి "బ్రిస్కెట్ చేస్తున్నాను, వచ్చేయండి" అని ముగ్గురు ఫ్రెండ్స్‌ని పిలిచాను. మధ్యాహ్నం భోజనం తగ్గించుకుని మరీ వచ్చారు పాపం. అర్ధరాత్రికి వాళ్లు తిన్నది ఆర్డర్ పెట్టి తెప్పించిన చికెన్ బిర్యానీ. స్మోకర్‌లో మాంసం మాత్రం 68 డిగ్రీల దగ్గర మొండికేసి కూర్చుంది. అది ఎందుకలా కూర్చుందో ఇవాళ చెప్తాను.

బ్రిస్కెట్ అంటే పశువు రొమ్ము భాగం. నిలబడ్డా నడిచినా బరువు మోసే కండ కాబట్టి కొలాజెన్ (కండని పట్టి ఉంచే గట్టి ప్రొటీన్) ఎక్కువ, గట్టిదనమూ ఎక్కువే. గబగబా వండితే చెప్పు నమిలినట్టు ఉంటుంది. బీఫ్ తినని వాళ్లు పోర్క్ షోల్డర్ తీసుకోండి, అదీ ఇలాగే సతాయిస్తుంది.

(దృశ్యం: స్మోకర్ రెండు గదులు. చిన్నదాంట్లో మంట, పెద్దదాంట్లో మాంసం.)

మంట ఒక పెట్టెలో, మాంసం పక్క పెట్టెలో. మధ్యలో వెళ్లేది వేడిగాలి, పొగ. వేడి 110 నుంచి 120 డిగ్రీలు, ఇక్కడి లెక్కలో 225 నుంచి 250 ఫారన్‌హీట్. కట్టె పోస్ట్ ఓక్ అనే చెట్టుది. మసాలా అంటే ఉప్పు, మిరియాలు, అంతే. మనకి చెయ్యి ఆగదు కదా, మొదటిసారి నేను గరం మసాలా కూడా పట్టించాను. పొగ రుచి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

సెంట్రల్ టెక్సస్‌లో ఈ పద్ధతి జర్మన్, చెక్ వలసదారుల మాంసం కొట్లలో పెరిగింది. అమ్ముడుపోని ముక్కలకి పొగబెట్టి, కాగితంలో చుట్టి ఇచ్చేవారు. పక్కన బీరూ వాళ్ల చలవే. షైనర్ అనే చిన్న ఊళ్లో 1909లో పెట్టిన బ్రూవరీ ఇంకా నడుస్తోంది. వాళ్ల షైనర్ బాక్ ముదురు రంగులో, కాస్త తియ్యగా ఉంటుంది. ఈ పనికి నాకు అదే ఇష్టం. రాత్రికి రెండే. ముప్పావుగంటకోసారి లేచి కట్టె వెయ్యాలి మరి.

(దృశ్యం: దగ్గరగా గొట్టం. తెల్లటి దట్టమైన పొగ, కాసేపటికి నీలంగా పల్చబడుతుంది.)

కట్టెల పొయ్యి ముందు కూర్చున్న వాళ్లకి ఇది తెలిసిందే. పచ్చి కట్టె తెల్లగా పొగ కక్కుతుంది, కళ్లు మండిస్తుంది. ఆ పొగ తగిలిన మాంసం చేదు. కట్టె బాగా ఎండి, మంటకి గాలి ఆడుతుంటే పొగ ఉందా లేదా అన్నంత పల్చగా నీలంగా వస్తుంది. మనకి కావలసింది అది.

సిగార్‌కీ అదే లెక్క. రోబస్టో అనే ఐదంగుళాల సైజు సిగార్ దాదాపు గంటసేపు కాలుతుంది. నిమిషానికోసారి లాగితే చాలు, ఆత్రపడితే నిప్పు వేడెక్కి నోరంతా చేదు. పొగ మింగరు, నోట్లో తిప్పి వదిలేస్తారు. మింగలేదు కదా అని నోటి క్యాన్సర్ జాలిపడదు, నాకు నెలకొకటి చాలు. గోదావరి లంక పొగాకు చుట్ట కాల్చిన మా తాతయ్య అయితే దీని ధర వింటే నన్నే పొయ్యిలో పెట్టేవాడు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం.

(దృశ్యం: థర్మామీటర్. 66... 67... 68... గడియారం ముల్లు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.)

మొదట్లో మాంసం చకచకా వేడెక్కుతుంది. 65 నుంచి 75 డిగ్రీల మధ్య ఎక్కడో ఆగిపోతుంది. గంటలు గడుస్తాయి, అంకె కదలదు. ఇక్కడి వాళ్లు దీన్ని 'స్టాల్' అంటారు. నాకు టెన్షన్ వచ్చి నాలుగు కట్టెలు ఎక్కువ తోశాను. అంచులు మాడాయి, లోపల అంకె అక్కడే.

ఎండాకాలం కొత్త కుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి? కుండ చెమరుస్తుంది, ఆ తడి ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. బ్రిస్కెట్ కూడా అంతే, చెమట పడుతుంది. మంట ఇచ్చే వేడీ, చెమట పట్టుకుపోయే వేడీ సరిసమానమైనంతసేపూ అంకె కదలదు. గ్రెగ్ బ్లాండర్ అనే భౌతికశాస్త్రవేత్త దీన్ని పరీక్షించి చూశాడు. తడిపిన స్పాంజ్‌నీ, వట్టి కొవ్వు ముద్దనీ వేడి చేశాడు. కొవ్వు ఆగకుండా వేడెక్కింది. స్పాంజ్ మాత్రం మాంసంలాగే ఆగిపోయింది.

మరి విరుగుడు? తడి ఆరనివ్వకపోవడమే. పైన నల్లటి పొర గట్టిపడ్డాక, కసాయి కొట్లో వాడే మందపాటి కాగితంలో బిగించి చుట్టండి. మళ్లీ అంకె కదులుతుంది. 95 డిగ్రీల దాకా వెళ్లనివ్వండి, అప్పటికి కొలాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. ఆ తర్వాత టవల్‌లో చుట్టి ఐస్ బాక్స్‌లో రెండు గంటలు. ఐస్ లేకుండానే లెండి.

(దృశ్యం: ఆదివారం మధ్యాహ్నం. చెక్కబల్ల మీద కత్తి.)

రాత్రి బిర్యానీ తిన్న ముగ్గురూ మళ్లీ వచ్చారు. పెన్సిల్ మందాన ఒక ముక్క కోసి వేలి మీద వేశాను. రెండు వైపులా వాలింది, తెగలేదు. ఒకడు ఇంకా నమ్మకం లేక, "బిర్యానీ ఏమైనా మిగిలిందా?" అని అడిగాడు.