మెడకు పడే మఫ్లర్

అక్క: శ్రోతలందరికీ నమస్కారం. వెచ్చదనం, సౌఖ్యం, అందం మూడూ చూసుకొని మఫ్లర్‌ను ఎంచుకోవడం ఎలా అన్నది ఈ భాగంలో మన విషయం. నేను కొని, దురద పుట్టి పక్కన పెట్టిన ఆ గళ్ల ఊలు మఫ్లర్ ప్రస్తావన మాత్రం ఈసారి తీసుకురానని తమ్ముడు నాకు మాట ఇచ్చాడు.

తమ్ముడు: మాట ఇచ్చిన మాట నిజమే కాని, దాని లేబుల్ గురించి మాట్లాడనని నేను అనలేదు.

అక్క: అప్పుడే మొదలుపెట్టాడు. ముందు వెచ్చదనం సంగతి చూద్దాం. మఫ్లర్ ఎంత బరువుంటే అంత వెచ్చగా ఉంటుందని చాలామంది అనుకుంటారు గాని, నిజానికి చలిని ఆపేది పోగుల నడుమ కదలకుండా నిలిచిన గాలి. ఊలు పోగు సహజంగానే వంకీలు తిరిగి ఉంటుంది కనుక ఆ గాలిని బాగా పట్టి ఉంచుతుంది. వదులుగా అల్లిన లావుపాటి మఫ్లర్ ఇంట్లో హాయిగానే ఉంటుంది, కాని ఎదురుగాలి వీచిందంటే ఆ సందుల్లోంచి చలి నేరుగా మెడకు తగులుతుంది. బండి మీద తిరిగేవారికి దట్టంగా నేసిన పలుచటి ఊలు మఫ్లరే మేలు. నాకు ఊలు ఒంటికి పడదు కనుక, ఊలులా కనిపించే కృత్రిమ పోగు యాక్రిలిక్‌తోనే సరిపెట్టుకుంటున్నాను.

తమ్ముడు: ఆ మాట దగ్గరే ఆగుదాం అక్కా. నీకు పడనిది ఊలు కాదు, లావుపాటి ఊలు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు; సుమారు 30 మైక్రాన్లకు మించిన మందమున్న పోగు కొస చర్మానికి తగిలినప్పుడు వంగకుండా నిలబడి గుచ్చుతుంది. అలాంటి పోగులు నూటికి 5 ఉన్నా చాలు, మెడంతా చిరచిరలాడుతుంది. మెరినో అనే జాతి గొర్రెల మేలిరకం ఊలు పోగు 19 మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది కనుక, చర్మానికి తగలగానే వంగిపోతుంది.

అక్క: నా మెడ ఎర్రబడి దద్దుర్లు లేచినప్పుడు మైక్రాన్లు లెక్కపెట్టుకోమంటావా?

తమ్ముడు: గీరుకుంటే ఎవరి మెడైనా ఎర్రబడుతుంది. ఊలులోని సహజమైన జిడ్డు, అంటే లానోలిన్ గాని, వేసిన రంగు గాని నిజంగానే సరిపడనివారు ఉంటారు, వారు వైద్యుడిని అడగాల్సిందే. కాని దురద పుట్టిన ప్రతివారూ ఊలు మొత్తాన్నీ వెలివేయడం అన్యాయం.

అక్క: కొనేటప్పుడు ఆ గళ్ల మఫ్లర్ చేతికి వెన్నలా తగిలింది. చూసుకోకుండా కొన్నాననుకుంటున్నావా?

తమ్ముడు: చూసింది అరచేత్తో కదా! అరచేతి చర్మం మందం, గుచ్చుకునేదాన్ని అది పసిగట్టలేదు. మఫ్లర్‌ను దవడ కింద మెడకు ఆనించి, కాసేపు అలాగే ఉంచి, తల అటూ ఇటూ తిప్పి చూడాలి. పైగా కొన్నింటికి మెత్తదనం కోసం పూత పూస్తారు, నాలుగు ఉతుకులు పడేసరికి అది పోయి అసలు పోగు బయటపడుతుంది. అందుకే లేబుల్ చదవమంటాను.

అక్క: ఎప్పుడూ లేబుల్, లేబుల్! నీ మైక్రాన్లు దాని మీద ఎక్కడ రాసి ఉంటాయి?

తమ్ముడు: చాలావరకు రాయరు. నూరు శాతం ఊలు అన్న మాట ఆ ఊలు ఎంత సన్నమో చెప్పదు. మేకల మెత్తటి బొచ్చుతో చేసే క్యాష్మీర్ సంగతి కొంత నయం, అమెరికా చట్టం ప్రకారం ఆ పేరు పెట్టాలంటే పోగు సగటు మందం 19 మైక్రాన్లు మించకూడదు. ఇక ఊలు మిశ్రమం అని పెద్ద అక్షరాల్లో కనబడితే, వెనక చిన్న అక్షరాల్లో యాక్రిలిక్ వాటా ఎంతో తప్పక చూడాలి.

అక్క: మరి నీ క్యాష్మీర్ మఫ్లర్ సంగతేమిటి? గడ్డం రాసుకునే ఆ జానెడు మేర ఉండలు కట్టి, మిగతాదంతా కొత్తదానిలా ఉంది. పొట్టి పోగులను తక్కువ పురితో వడికితే మెత్తగా ఉంటుంది గాని, ఒరిపిడికి ఆ కొసలు పైకి లేచి ఉండలు కట్టక మానవు. ఈ సంగతి ఏ లేబుల్ మీదా లేదే! (నవ్వు)

తమ్ముడు: అది గడ్డం తప్పు. యాక్రిలిక్ మాత్రం ఉండలు కట్టదా? పైగా నోటికి అడ్డంగా చుట్టుకుని నడిస్తే ఊపిరి తేమను అది పీల్చుకోలేక చెమ్మగా తగులుతుంది. ఊలైతే తన బరువులో మూడో వంతు దాకా ఆవిరిని లోపల దాచుకొని కూడా తడిసినట్టు అనిపించదు.

అక్క: ఆ చెమ్మ సంగతి నిజమే, ఒప్పుకోక తప్పదు. మెరినో ఒకటి తెచ్చి చూస్తాను గాని, ముందు ఒక రోజంతా నీ మెడకే చుట్టి చూస్తాను. అందం గురించి కూడా రెండు ముక్కలు చెప్పేద్దాం. సగానికి మడిచి, కొసలను ఆ మడతలోంచి లాగి కట్టుకోవాలంటే 180 సెంటీమీటర్ల పొడవు ఉంటే బాగుంటుంది. ఎత్తు కాలరున్న కోటు వేసుకునేవారికి లావు మఫ్లర్ మెడను మింగేస్తుంది. రంగు ముఖం పక్కనే ఉంటుంది కనుక పగటి వెలుతురులో అద్దం ముందు పెట్టుకొని చూసుకోవాలి. అంతే, ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు.

తమ్ముడు: ఉతకడం గురించి చెప్పనే లేదు. ఊలును వేడినీళ్లలో వేసి నలిపితే పోగుల మీది పొలుసులు ఒకదానికొకటి చిక్కుకొని మఫ్లర్ గట్టిపడి కుదించుకుపోతుంది. అందుకే లేబుల్ మీద...

అక్క: తెలుసు, చల్లటి నీళ్లు.

తమ్ముడు: ఆరబెట్టడమూ ముఖ్యమే. తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగిపోతుంది కనుక, తువ్వాలులో చుట్టి తడి అద్ది, నీడన చదునుగా పరచాలి.

అక్క: పరచడానికి మంచం ఖాళీగా ఉంటే కదా! దాని మీద నీ మైకులూ తీగలూ ఉన్నాయి. అవి తీస్తే తప్ప నేను పడుకోవడానికే చోటు లేదు, ఆపు ఇక.