ఆస్పిరిన్ ప్రయోగం: దిగుబడి శాతం ఎక్కడ తప్పుతుంది?

విద్యార్థులారా, ఆస్పిరిన్ తయారీ ప్రయోగంలో చేతిపని తేలికే. తడబడేదంతా రికార్డులో లెక్క వేసేటప్పుడు.

పొడి కోనికల్ ఫ్లాస్కులో శాలిసిలిక్ ఆమ్లం 2 గ్రాములు వేసి, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ 5 మి.లీ., గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నాలుగైదు చుక్కలు కలుపుతాం. ఎన్‌హైడ్రైడ్ ద్రవం కాబట్టి ముందు సాంద్రత 1.08తో గుణించండి: 5.4 గ్రాములు. దాన్ని ఎన్‌హైడ్రైడ్ అణుభారం 102తో భాగిస్తే 0.053 మోల్ (మోల్ అంటే అణువుల సంఖ్యను కొలిచే ప్రమాణం). శాలిసిలిక్ ఆమ్లం 2ను దాని అణుభారం 138తో భాగిస్తే 0.0145 మోల్. ఈ రెండూ ఒకటికి ఒకటి చొప్పున కలుస్తాయి కనుక ముందు అయిపోయేది శాలిసిలిక్ ఆమ్లం. అదే పరిమిత కారకం. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉత్ప్రేరకం మాత్రమే, దాన్ని లెక్కలోకి లాగొద్దు.

'బరువు తక్కువున్నదే పరిమిత కారకం' అనుకున్నా ఇక్కడ జవాబు సరిపోతుంది. అందుకే ఆ తప్పు బయటపడదు. అమ్మోనియా లెక్కలో చూడండి: నైట్రోజన్ 20 గ్రాములు, హైడ్రోజన్ 5 గ్రాములు. నైట్రోజన్ 0.71 మోల్, దానికి మూడింతలు, అంటే 2.14 మోల్ హైడ్రోజన్ కావాలి; మన దగ్గర 2.48 ఉంది. నాలుగు రెట్లు బరువున్న నైట్రోజనే ముందు అయిపోతుంది!

మళ్ళీ ఆస్పిరిన్‌కి వద్దాం. ఒక మోల్ శాలిసిలిక్ ఆమ్లానికి ఒక మోల్ ఆస్పిరిన్ వస్తుంది కనుక, 0.0145ని ఆస్పిరిన్ అణుభారం 180తో గుణిస్తే 2.61 గ్రాములు, ఇది సిద్ధాంతపరంగా రావలసిన దిగుబడి. మీకు 2.1 గ్రాములు వస్తే, దాన్ని 2.61తో భాగించి చూస్తే దిగుబడి సుమారు 80 శాతం.

తగ్గడానికి మొదట అనుమానించాల్సింది ఫ్లాస్కులో తడి. 1 మి.లీ. నీరు అంటే 0.055 మోల్. మీరు పోసిన ఎన్‌హైడ్రైడ్ మొత్తాన్నీ ఎసిటిక్ ఆమ్లంగా మార్చేయడానికి అది చాలు. కడిగిన ఫ్లాస్కు గోడలకు అంటుకున్న నీటిని తేలిగ్గా తీసుకోకండి. రెండోది, వడపోతలో నీళ్ళు ధారాళంగా పోయడం. గది ఉష్ణోగ్రత దగ్గర 100 మి.లీ. నీటిలో దాదాపు 0.3 గ్రాము ఆస్పిరిన్ కరిగిపోతుంది. ఐసు నీళ్ళు, అదీ కొద్దికొద్దిగా పోయండి.

105 శాతం వచ్చిందని ఎవరైనా రాస్తే నేను ముందు పొడి ఆరిందా అని అడుగుతాను. ఎండబెట్టి తూచండి, బరువు మారనంతవరకు మళ్ళీ తూచండి. ఆ తర్వాత చిటికెడు తీసి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేయండి. ఊదా రంగు వస్తే శాలిసిలిక్ ఆమ్లం ఇంకా మిగిలే ఉంది. అలాంటప్పుడు మీ శాతంలో కొంత భాగం ఆస్పిరిన్‌ది కానే కాదు. పునఃస్ఫటికీకరణం చేసి (అంటే కరిగించి మళ్ళీ స్ఫటికాలుగా రాబట్టి), ఆరబెట్టి, ఆ బరువుతోనే లెక్క మళ్ళీ కట్టండి.